ముందు అన్నం, తర్వాత పేరు

మా పుట్టింట్లో ఒక అలవాటు ఉంది. సముద్రం మీద నుంచి తడిసి వచ్చిన మనిషికి ముందు అన్నం పెడతారు, తర్వాత పేరు అడుగుతారు. గొప్ప కోసం చెప్పడం లేదు, మా రేవులో అన్ని ఇళ్ళూ అంతే. ఎవరి పడవ ఇంజను ఎప్పుడు ఆగిపోతుందో, గాలి ఎవరిని ఏ ఒడ్డుకు తోస్తుందో ఎవరూ చెప్పలేరు. ఈరోజు మనం పెడితే రేపు మన మగవాళ్ళకు ఏ కాకినాడ దగ్గరో, ఏ నెల్లూరు దగ్గరో ఇంకో ఇల్లాలు పెడుతుంది. నా చిన్నప్పుడు మా నాన్న చేపల వేటకు వెళ్ళి కొన్నాళ్ళు కనబడకుండా పోయి, ఎవరిదో గళ్ళ లుంగీ కట్టుకుని తిరిగొచ్చాడు. లుంగీ ఎవరిదని అమ్మ అడిగితే, "పేరు అడగలేదే. వాళ్ళూ నన్ను అడగలేదు" అన్నాడు. అమ్మ ఆ లుంగీని ఉతికి పెట్టెలో దాచింది.

ఆ రేవు రేపల్లె దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. నేను చదువుకుని తెనాలి చేరాను. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. అంగలకుదురు రైతుబిడ్డను ఇష్టపడి చేసుకున్నాను. అప్పట్లో రెండు వైపులా మూతులు బాగానే విరిచారు. "చేపల వాసన" అన్న మా ఆడపడుచు ఇవాళ మా వదిన పంపే రొయ్యల పచ్చడి కోసం ముందుగానే సీసా కడిగి ఎండబెట్టుకుంటుంది. పోనీలెండి, ఆ కథ వేరు. అన్నయ్య మాత్రం రేవులోనే ఉండిపోయాడు. నాన్న పడవ, నాన్న ఇల్లు, నాన్న అలవాటు, అన్నీ ఆయనకే వచ్చాయి.

ఆ ఏడాది టీవీల నిండా ఒకటే గోల. ఎక్కడో ఒక ఊళ్ళో కొందరు కుర్రాళ్ళను ఉగ్రవాదులని పట్టుకున్నారు. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు కాదు, ఇక్కడే పుట్టి ఇక్కడి బళ్ళలో చదివినవాళ్ళు. తీరా చూస్తే, వాళ్ళతో నెలల తరబడి ఫోన్లో మాట్లాడి, రెచ్చగొట్టి, కావలసిన సామాను నేనిస్తానని ఆశపెట్టిన 'నాయకుడు' మారుపేరు పెట్టుకున్న పోలీసు అధికారి అట. సగం మంది భేష్ అన్నారు. సగం మంది ఇదెక్కడి న్యాయం అన్నారు. మా ఇంట్లోనూ రెండు పార్టీలయ్యాయి.

"ముల్లును ముల్లుతోనే తియ్యాలి" అనేవారు మా ఆయన. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పోలీసాయన ఏ వేషమూ కట్టకుండా ఎలా పట్టుకుంటాడే?"

"వేషం కట్టొద్దని ఎవరన్నారండీ? మీరే చెరువులో చేపపిల్లల్ని వదిలి, మీరే మేత వేసి పెంచి, మీరే వల లాగి, చూశారా చెరువు నిండా చేపలే అంటే ఎలాగ?"

"అయితే బాంబు పేలాక పట్టుకోమంటావా?"

"అదీ అనలేదు."

"మరేమన్నట్టు?"

అక్కడ నాకు ఒళ్ళు మండేది. కోపం వస్తే నేను మాట్లాడను, గిన్నెలు గట్టిగా పెడతాను. ఆ రోజుల్లో మా వంటింట్లో సొట్ట పడని గిన్నె లేదు. పొద్దున నడకకు వెళ్ళినా అదే చర్చ, కాలేజీ స్టాఫ్ రూములోనూ అదే. చివరకు ఊళ్ళో కొందరు పెద్దలు ఒక ఆదివారం హాలు మాట్లాడి, ఇదే విషయం మీద సభ పెట్టారు. నోరున్న మనిషిని కదా, నన్ను కూడా మాట్లాడమన్నారు. నేను సరేనన్నాను. పుస్తకాల్లోంచి మంచి మంచి మాటలు ఏరుకుంటున్నాను కూడా.

ఆ సభ ఇంకా జరగకముందే వదిన ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మీ అన్నయ్యని తీసుకుపోయారే."

"ఎవరు? ఎక్కడికి?"

"పోలీసులే. ఉగ్రవాదులకు అన్నం పెట్టాడంట. పెట్టింది నేనైతే ఆయన్ని తీసుకెళ్తారేంటి, నన్ను తీసుకెళ్ళండయ్యా అంటే వినరే!"

నేను, మా ఆయన దొరికిన రైలెక్కి రేపల్లెలో దిగాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు తప్ప ముల్లు మాట ఎత్తలేదు. జరిగిందేమిటో రేవుకు వెళ్ళాక వదిన నోట పూర్తిగా విన్నాం.

తీరంలో కొత్త మనుషులు కనబడితే చెప్పడానికని మా రేవులో కొందరిని కాపలా కమిటీగా పెట్టి, ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. అన్నయ్య అందులో ఒకడు. ఆ పొద్దున, ఇంకా ఎండ ఎక్కకముందే, చిన్న పడవలో ముగ్గురు మగవాళ్ళు కొట్టుకొచ్చారు. కాకినాడ వాళ్ళమని, ఇంజను చెడిపోయిందని చెప్పారు. అన్నయ్య మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పడవను ఒడ్డుకు లాగాడు. పొడి లుంగీలు ఇచ్చాడు. వదిన చద్దన్నం, ముందురోజు చేపల పులుసు పెట్టింది. తిన్నాక అందరికంటే చిన్నవాడు, నన్ను రేపల్లె రైల్వే స్టేషన్లో దింపుతారా బాబాయ్ అన్నాడు. చేతిలో బరువైన సంచీ. అన్నయ్య ఆ సంచీ తన మోటారుసైకిలు మీద ముందు పెట్టుకుని, అబ్బాయిని వెనక ఎక్కించుకుని వెళ్ళాడు. స్టేషన్ దగ్గర ఆ అబ్బాయి జేబులోంచి కార్డు తీశాడు. వాళ్ళు ముగ్గురూ పోలీసులే. ఒడ్డు మీద ఇంటిదొంగలు ఎవరో తెలుసుకోవడానికి ఉగ్రవాదుల్లా వచ్చారు. సంచీలో కాగితం చుట్టిన ఇటుకలున్నాయి. నిజమైన ఉగ్రవాదులైతే అందులో బాంబే ఉండేది.

పోలీస్ స్టేషన్లో మాతో మాట్లాడిన అధికారి మంచివాడే. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"మేడమ్, మీరు చదువుకున్నవారు. మీ అన్నయ్యగారికి మీరే చెప్పండి. వాళ్ళ మీద అనుమానం రాలేదు అని ఒక్క మాట అంటే అజాగ్రత్త కింద మందలించి వదిలేస్తారు. ఈయనేమో అనుమానం వచ్చిందనే అంటున్నారు. అనుమానం వచ్చాక కూడా సంచీ మోసుకెళ్ళి దింపితే, అది తెలిసి చేసిన సాయం అవుతుంది. బోటు పోతుంది, కేసు పడుతుంది. బాపట్లలో పైవాళ్ళు విచారిస్తారు. అక్కడైనా సరిగ్గా చెప్పమనండి."

ఆ సాయంత్రం అన్నయ్యను ఇంటికి పంపారు. పడవను మాత్రం కదపొద్దన్నారు. నేను ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టుకున్నాను.

"నిజంగా అనుమానం వచ్చిందా అన్నయ్యా?"

"రాకపోవడమేంటే? తాడు అందిస్తే ఒకడు ఆడపిల్ల జడ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. దక్షిణపు గాలి తోలుతుంటే కాకినాడ పడవ ఇటెలా కొట్టుకొస్తుంది? చెప్పేవాడికి బుద్ధి లేకపోతే వినేవాడికైనా ఉండొద్దా?"

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"అన్నం తింటున్నారే. కంచం ముందు కూర్చున్నవాణ్ణి ఎలా పట్టిస్తాం?"

"తిన్నాకైనా?"

"తిన్నాక ఆ చిన్నోడు మొత్తం కక్కాడు. పాపం, సముద్రం పడలేదు. మీ వదిన మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టింది. ఇంట్లో గొడవపడి పారిపోయి వచ్చాడేమో అనుకున్నా. వెంట ఉన్నవాళ్ళ నుంచి విడదీసి, రైలెక్కించి, వాళ్ళమ్మ దగ్గరకు పంపేద్దామని."

"అన్నయ్యా, నీకు దండం పెడతాను. అనుమానం రాలేదని చెప్పు. ఒక్క అబద్ధం. దేవుడు కూడా ఏమీ అనుకోడు."

"ఊహ తెలిసినప్పటి నుంచి సముద్రం మీద తిరుగుతున్నా. సముద్రం ఎరగని ముగ్గురు మెట్టమనుషుల్ని చూసి వేటగాళ్ళనుకున్నానని చెబితే రేవులో తలెత్తుకు తిరగగలనా?" అని గొంతు తగ్గించాడు. "ఇంకోటి ఉందే. నాకు అనుమానం రాలేదంటే తమ వేషం కుదిరిందనుకుంటారు వాళ్ళు. రేపు ఇదే వేషంతో నిజమైన దొంగల దగ్గరకు పోతే? చంపెయ్యరూ? చిన్నపిల్లలే వాళ్ళు."

నేను తల కొట్టుకున్నాను. "నీ పడవ పోతుందిరా బాబూ, నీ పడవ గురించి ఏడువు!" అని అరిచాను. అన్నయ్యను 'రా' అనడం నా జీవితంలో అదే మొదలు. ఆయన నవ్వాడు. లోపల వదిన, "ఈయనతో నేను ఎలా వేగుతున్నానో ఇప్పుడు తెలిసిందా" అంటూ గిన్నె గట్టిగా పెట్టింది. గిన్నెలు పెట్టడం మాకు ఇద్దరికీ ఒకేలా వచ్చు.

ఆదివారం సభకు వెళ్ళాను. ఏరుకున్న మంచి మాటలన్నీ ఇంట్లోనే వదిలేసి, అన్నయ్య సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. పట్టుకోవలసింది చెడ్డవాడి చెడ్డతనాన్నా, మంచివాడి మంచితనాన్నా అని అడిగాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. కోపంగా లేడు, చాలా మర్యాదగానే అడిగాడు.

"పెట్టిన తల్లికి దండమండి. కానీ ఆ సంచీలో ఇటుకలు కాక నిజంగానే పేలుడు మందు ఉండుంటే? మా అమ్మాయి రోజూ ఆ రేపల్లె రైల్లోనే కాలేజీకి వస్తుందండి."

నేనూ ఆ రైల్లోనే వెళ్ళొచ్చాను. చెరువు, చేపపిల్లలు, మేత, ఏదీ ఆయన ముందు పనికిరాదు. చివరకు, "మీ అమ్మాయి కోసం మా అన్నయ్య ఫోన్ చెయ్యాల్సిందేనండి. చెయ్యనందుకు మందలించండి. అన్నం పెట్టినందుకు మాత్రం ద్రోహిని చెయ్యకండి" అన్నాను. మళ్ళీ చప్పట్లు కొట్టారు గానీ ఆయన కొట్టలేదు. ఆయన కొట్టకపోవడం న్యాయమే అనిపించింది. ఇంటికి వస్తుంటే మా ఆయన, "గెలిచావా, ఓడావా?" అన్నారు. "ఆడపిల్ల తండ్రి గెలిచాడు" అన్నాను. ఆయన దారిలో బత్తాయి రసం తాగించారు.

బాపట్ల విచారణకు నలుగురం వెళ్ళాం. వదిన పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. ఎందుకమ్మా అంటే, పడవ అడగడానికి వెళ్తూ పాత చీర కట్టుకుంటానా అంది. విచారించే అధికారి ఒకావిడ. జుట్టు నెరిసింది, మాట మెత్తన. ఆవిడ సూటిగా అడిగింది.

"వాళ్ళ మీద అనుమానం వచ్చిందా?"

వదిన నా చెయ్యి పట్టుకుంది. ఒక్క 'లేదండి', అన్నయ్యా, ఒక్క 'లేదండి' అని లోపల మొక్కుకుంటున్నాను.

"వచ్చిందండి" అన్నాడు మా మహానుభావుడు.

"వచ్చాక కూడా ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"అన్నం తింటున్నారండి."

ఆవిడ కలం పక్కన పెట్టి, ఆ రోజు సంచీతో వచ్చిన చిన్న కానిస్టేబుల్‌ను పిలిపించింది. అతను యూనిఫాంలో వచ్చి సెల్యూట్ కొట్టాడో లేదో, అన్నయ్య కుర్చీలోంచి సగం లేచి, "ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది బాబూ? కడుపు కుదుటపడిందా?" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కుర్రాడు ఎర్రబడిపోయి, "బాగుందండి" అన్నాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు.

"మేడమ్, ఈయన నన్ను దింపేసి వెళ్ళిపోలేదండి. రైలు ఎక్కేదాకా ఉంటానన్నారు. తన ఫోన్ చేతికిచ్చి, మీ అమ్మ ఎదురు చూస్తా ఉంటది, ఒక్కసారి మాట్లాడు నాయనా అన్నారు. నాకేం చెయ్యాలో తోచక మా అమ్మకే చేశానండి. తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. ఫోన్ తిరిగి ఇచ్చాకే కార్డు చూపించాను."

"ఈ మాట రిపోర్టులో ఎందుకు రాయలేదు?"

"ఆపరేషన్‌కు సంబంధం లేదనుకున్నానండి."

ఆవిడ మళ్ళీ కలం అందుకుని ఆ మాట కూడా రాసుకుంది. చివరకు పడవ ఇచ్చేయమంది. కేసు లేదంది. కానీ అన్నయ్యను దగ్గరకు పిలిచి చెప్పింది. "మీ మనసు నాకు అర్థమైంది. కానీ ప్రతిసారీ మావాళ్ళే రారు. ఇకనుంచి ఒడ్డుకు ఎవరొచ్చినా ముందు ఫోన్. మేం వచ్చి చూసేదాకా వాళ్ళను కదలనివ్వొద్దు, దగ్గరకు వెళ్ళొద్దు, మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దు. మాటిస్తారా?"

అన్నయ్య వదిన వంక చూశాడు. వదిన నా వంక చూసింది. నేను ఇవ్వమన్నట్టు తలూపాను. "ఇస్తానండి" అన్నాడు. మా అన్నయ్య మాటిస్తే మాటే. అది ఆవిడకు తెలియదు గానీ నాకు తెలుసు. బయటకు రాగానే మా ఆయన అందరినీ హోటలుకు తీసుకెళ్ళి భోజనం పెట్టించారు. నేను ఆకలి మీద అప్పడాలు కూడా వదల్లేదు. అన్నయ్య మాత్రం ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. బడలిక అనుకున్నాను.

తర్వాత వానాకాలంలో, పెద్ద గాలివాన తగ్గిన మర్నాడు, వదిన మళ్ళీ ఫోన్ చేసింది. మీ అన్నయ్య అన్నం ముట్టడం లేదు, నువ్వు రావాలి అంది. వెళ్ళేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు, కానీ పక్కకు జరిగి చోటివ్వలేదు. నేనే తోసుకుని కూర్చున్నాను.

"ఏంటన్నయ్యా?"

"బందరు పడవ ఒకటి కొట్టుకొచ్చిందే, వానలో. ఇద్దరు. ఒకాయన బాగా పెద్దవాడు, మన నాన్న ఈడు ఉంటాడు. వేటగాళ్ళే. చూడగానే తెలిసిపోయింది. ఈసారి ఏ అనుమానమూ రాలేదు."

"మరి?"

"మరేంటి, మాటిచ్చానుగా. ఫోన్ చేశా. వస్తున్నాం, కదలనివ్వకు అన్నారు. ఆగండి అక్కడే, రావద్దు అని అరిచా. ఇంత దూరంలో నిలబడ్డా. మీ వదిన కంచం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. వాన కొడతా ఉంది. వాళ్ళు వణుకుతున్నారు. నేనలా అరిచేసరికి ఆ పెద్దాయన నన్ను ఏమనుకున్నాడో ఏంటో, రెండు చేతులూ పైకెత్తేశాడే. దొంగ ఎత్తినట్టు. ఇలాగ."

అన్నయ్య తన రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"అరచేతుల నిండా తాడు కోసిన గాట్లే, అమ్మాయ్. వానకు తెల్లగా నాని ఉన్నాయి. పోలీసులు వచ్చి చూసేదాకా అలాగే ఎత్తి ఉంచాడు. ఆ తర్వాత మనింట్లోనే తిన్నారు, కానీ నన్ను చూస్తే బెదురే. తలొంచుకుని తిన్నారు. చేతులు దించు బాబాయ్ అని ఒక్క మాట నేను అనొచ్చుగా. అది అనొద్దని బాపట్లలో ఆవిడ చెప్పలేదుగా. నాకు తోచలేదే."

ఆయన ఏడుస్తున్నాడు. చూపించడానికి ఎత్తిన చేతులు ఇంకా పైనే ఉన్నాయి, దించాలన్న ధ్యాస లేదు. నేను ఆ రెండు చేతులూ పట్టుకుని మెల్లగా కిందికి దించి, నా ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల్నుంచి వదిన అన్నానికి పిలిచింది. ఇద్దరం లేవలేదు.